ఎస్తేరు టీచరమ్మ కొట్టేసిన సున్నా

రా నవీనమ్మా, కూసో. ఏంది, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరమ్మవి, అప్పుడే మొగం అట్ల ఏలాడేసుకోనుండావు? ఓహో, పిలకాయలకు ఏది పెద్ద నంబరో, ఏది సిన్న నంబరో ఎంత చెప్పినా ఎక్కటంలేదా. దానికేముండాదిలే. నేను కూడా మూడో తరగతిలో దానికాడనే రెండేండ్లు కూలబడినోణ్ణి. నిజం, నవ్వద్దు. అప్పుడు మాకు ఎస్తేరు టీచరమ్మని ఉండేది. పొట్టి మనిషి, ఎప్పుడూ తెల్లచీరే, మొగోళ్లకంటే బిరబిరా నడిచేది. ఆయమ్మ పోయి శానా ఏండ్లయింది.

మా నాయన నాయబ్ రసూల్‌కు చంద్రగిరిలో రేకు పెట్టెల అంగడి. ట్రంకు పెట్టెలంటారే, అవి. పెండ్లిండ్ల కాలమొస్తే సుత్తి చప్పుడుకు మా వీధిలో ఎవురికీ మధ్యాన్నం నిద్రుండేది కాదు. పక్కింటి గంగులమ్మవ్వ రోజూ తిట్టేది, మళ్లా మనవరాలి పెండ్లికి పెట్టె మా కాడనే చేయించుకునింది, అది వేరే కత. యాడుండా నేను? ఆఁ. అరపరీక్షలో టీచరమ్మ నాలుగు నంబర్లిచ్చి సిన్నదాన్నుంచి పెద్దదానికి వరసగా రాయమనింది. నేను ఇరవై ఆరు, ఇరవై నాలుగు, ఇరవై, పద్దెనిమిది అని రాసిపెట్టినా. అట్లాంటివే పది లెక్కలు, పదీ అంతే. సున్నా ఏసింది. పెద్దయివోరు, అదే హెడ్మాస్టరు, మా నాయన్ని పిలిపించి, మీవోడి బుర్రలో మట్టి ఉండాదప్పా, మూడోసారి కూడా తప్పినట్టే అనేసినాడు. మా నాయన ఇంటికొచ్చి, సోమవారం నుంచి ఇస్కూలొద్దు, సుత్తి పట్టుకో అన్నాడు. నాకేమో సదువుకోవాలని నిండా ఆశ. పెట్టెలోకి తల పెట్టి ఏడ్చినా, ఎవురికీ కనపడకుండా.

ఆదివారం చర్చి నుంచి అట్నే టీచరమ్మ మా అంగడికొచ్చింది. ఎందుకనుకున్నావు? ఇంటికి పోయి నా పేపరు మళ్లా ఒకసారి సూసుకునిందంట. గుడ్డెద్దు సేలో పడినట్టు రాసేవోడు పదింటిలో ఒక్కటన్నా రైటు రాస్తాడు, వీడు పదికి పదీ సరిగ్గా తలకిందులు రాసినాడే, దీని ఎనకాల ఏదో ఉండాది అనుకునిందంట. ఆయమ్మ ఆడ నిలబడి ఉండంగానే మా నాయన పనిలో తలెత్తకుండా, రేయ్ ఇలియాసూ, పెద్ద రేకు తీసకరా అన్నాడు. నేను పోయి పద్దెనిమిది గేజీ రేకు ఈడ్చుకోనొచ్చినా. మా పనిలో అంతేమ్మా, గేజీ నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన. పద్దెనిమిది గెట్టిది, ఇరవై ఆరు కాగితం మాదిరి. మా ఇంట్లో పద్దెనిమిదే పెద్దది, పుట్టినప్పట్నుంచి నేనదే ఇన్నా. టీచరమ్మ ఆ రేకునూ, పక్కనున్న ఇరవై ఆరు రేకునూ ఏళ్లతో పట్టి, వాటి మింద రాసిన నంబర్లు సూసింది. అప్పుడు అనింది, "సాయిబూ, మీవోడిది తప్పు కాదు. ఏది పెద్దదని అడిగినా గానీ, దేంట్లో పెద్దదని నేను చెప్పలా. తప్పు నాది." మళ్లా నన్ను దగ్గరికి పిల్చి, లెక్కకు ఇరవై ఆరు రేకులొక కుప్ప, పద్దెనిమిది రేకులొక కుప్ప, ఏది జాస్తిరా అనింది. ఇరవై ఆరే గదా అన్నా. ఇస్కూల్లో అడిగేది ఆ కుప్పల సంగతేరా అనింది. రెండేండ్లు దెబ్బలు తినినా రానిది రెండు నిమిషాల్లో వచ్చేసింది.

ఆయమ్మ అంగడి నుంచి పోయినంక మా నాయన సుత్తి పక్కన పెట్టి, "తప్పు నాదని చెప్పిన అయివోరిని నా బతుకులో సూళ్లేదురా. ఆయమ్మ ఉన్నన్నాళ్లూ నువ్వు ఇస్కూలుకు పో" అన్నాడు. సోమవారం నలభైమంది పిలకాయల ముందర నా సున్నా కొట్టేసి, ఇలియాసు కాడ నేనొకటి నేర్చుకున్నానని చెప్పింది సూడు, ఎంత గుండె కావాల దానికి. పెద్దయివోరు కిటికీ కాడ నిలబడి ఇన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి, ఆ పొద్దు తల దించుకోని తన రూముకు పోయినాడు. ఇంకో మూడేండ్లకు ఆయమ్మకు గూడూరుకు బదిలీ అయింది, ఆడనే పోయింది.

అయినా మా నాయన నన్ను మళ్లా సుత్తి పట్టమనలా, నేను సదివి లెక్కల అయివోరునైనా. ముప్పై రెండేండ్లు చేసినానమ్మా. ఎన్ని సున్నాలు ఏసినానో లెక్కే లేదు. ఒక్క బిడ్డ ఇంటికన్నా పోయి, వీడు ఎందుకిట్ల రాసినాడని అడిగినానా? పోలా. వీడికి సదువు రాదప్పా, పనిలో పెట్టుకో అని నా నోటితోనే ఇద్దురు ముగ్గురు నాయనలకు చెప్పి పంపిచ్చినా. ఆ పిలకాయల్లో దయానంద్ అని ఒకడు. కట్టెలు కొట్టేవాళ్ల బిడ్డ. వాడు ప్రతి లెక్కా ఒకే మాదిరి తప్పు రాసేవోడు. ఒకే మాదిరి...

మబ్బు పట్టింది సూడు. మిద్దె మింద మిరపకాయలు ఆరబోసిండారు, రోంత పోయి తీసెయ్యి తల్లీ.