మీటింగులో అడగని మాట

వద్దు నర్సమ్మా, నన్ను మళ్ళీ ఆ ఆరోగ్య కమిటీలోకి పిలవకండి. ఈ బీపీ మిషను కూడా తీసుకెళ్ళి ఇంకెవరికైనా ఇవ్వండి.

తిరిగాను, కాదనను. ఉప్పు తగ్గించమని ఈ వీధిలో నేను చెప్పని గడప లేదు. టైలరమ్మ వస్తోందంటే ఉప్పు డబ్బా దాచేసేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

మా తోడికోడలు అలా కాదు. మా మరిది పోయాక పిల్లని తీసుకుని మా దగ్గరే ఉండేది కదా, బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఓ ఆదివారం తనే చెయ్యి చాపి, "వీధి వీధంతా చూస్తావు, నాకూ చూడక్కా" అంది.

నూట ఎనభై, నూట పది. మిషను పాడైందేమోనని నాకు కట్టుకుని చూసుకున్నా. నాది బాగానే ఉంది.

రేపే క్లినిక్‌కి వెళ్ళమన్నాను. "ఎలా వెళ్ళనక్కా? క్లినిక్ తెరిచేసరికి నేను కుట్టు మిషను మీదుంటా, నేను దిగేసరికి తాళం వేసేస్తారు. రెండుసార్లు పని మానేస్తే మూడోసారి రావొద్దంటారు ఫ్యాక్టరీవాళ్ళు. నువ్వు మీటింగుకి వెళ్తావుగా, వారానికో సాయంత్రం తెరవమని అడుగు. మా లైన్లో అందరిదీ ఇదే గోల" అంది.

అడుగుతానన్నాను.

ఆ మీటింగు గుర్తుందా మీకు? పై ఆఫీసు వాళ్ళు వచ్చారు చూడండి, ఆ రోజు. మీరు నన్ను డాక్టరుగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. నా బతుకులో నన్నెవరూ ముందు వరసలో కూర్చోబెట్టలేదమ్మా. ఆ పెద్దాయన, "మీ వాళ్ళకి ఇక్కడేమైనా ఇబ్బందులున్నాయా?" అనడిగారు. మీరు నావైపు చూసి నవ్వారు. అడిగితే మీకు మాటొస్తుందేమో అనుకున్నా.

కాదులెండి, అది సాకు. లేచి నిలబడి, "ఏ ఇబ్బందీ లేదు సార్, అంతా బాగుంది" అన్నాను. చప్పట్లు కొట్టారు. బాగుందనిపించింది, ఏం చెప్పను.

ఇంటికొస్తే గుమ్మంలోనే, "అడిగావా అక్కా?" అంది. "చూస్తామన్నారు" అన్నాను.

పందొమ్మిది రోజులు చూసింది. ఇరవయ్యో రోజు పొద్దున కాలరు కుడుతూ కుడుతూనే పక్కకి ఒరిగిపోయిందట. పెద్దాసుపత్రిలో మూడు రోజులుంది. మాట రాలేదు. నా చూపుడువేలు మాత్రం వదల్లేదు.

ఏమిటీ? బుధవారం సాయంత్రాలు తెరుస్తున్నారా? ఎవరడిగారు?

ఓహో. తన లైన్లో వాళ్ళే వచ్చారా. అడిగాక ఎన్నాళ్ళు పట్టింది?

వారమేనా.

కాసేపు కూర్చోండి నర్సమ్మా. ఇంకొకటుంది. ఆ పిల్ల మీరెదురైతే మొహం తిప్పుకుంటోందని ఇందాక అన్నారు కదా. వాళ్ళమ్మ పోయిన వారానికి నన్నడిగింది, "పెద్దమ్మా, అమ్మ చెప్పమన్నది మీటింగులో చెప్పావా?" అని. చెప్పానన్నాను. నర్సమ్మే కుదరదందని చెప్పాను.

అవును. మీ పేరే చెప్పాను.

ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నా. రాత్రి పక్కన పడుకుని నా మీద చెయ్యి వేస్తుంది. నోరు రాదు. దానికి నేను తప్ప ఎవరున్నారు? నాకు మాత్రం ఎవరున్నారు?

అదిగో, బడి వదిలినట్టున్నారు, వస్తోంది.

ఏమనుకోకండి. ఆ వెనక గుమ్మంలోంచి వెళ్ళండి.