ముక్కు మీద పౌడరు

మాత్రల ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకునే గది. చిన్నది మాస్కు తీసిందో లేదో, పక్కన పనిచేసే అక్క చివాట్లు మొదలుపెట్టింది.

"మాస్కు ఒరుసుకుని పడ్డ పుండు మీద పౌడరు పూస్తారటే ఎవరైనా? చూడు, ఎలా రేగిందో!"

"పుండు కనబడితే సూపర్‌వైజరు లోపలికి రానివ్వడక్కా."

"మాస్కు పెట్టుకునే అరగంట ముందు క్రీము రాసుకోవాలే. మధ్యమధ్యలో తీసి గాలి తగలనివ్వాలి."

"ఎనిమిది గంటల్లో ఒక్కసారైనా తియ్యనిస్తేగా!"

"పోనీ, నాలుగు రోజులు సెలవు పెట్టు. మానుతుంది."

"పెడితే మళ్ళీ పన్లోకి రానిస్తారా?"

అక్క తల మీద టోపీ సర్దుకుంది.

"ఇవన్నీ నీకెవరు చెప్పారక్కా?"

"డాక్టరు. ఆరేళ్ళయింది."

"మరి నీకు తగ్గిందా?"

అక్క తన మాస్కు కిందికి లాగింది. ఆమె ముక్కు మీద పౌడరు ఇంకా మందంగా, పెచ్చులు కట్టి ఉంది.

"ఇలా రా," అంది అక్క, జేబులోంచి పౌడరు డబ్బా తీస్తూ. "బెల్లు కొట్టేలోపు నేను పూస్తాను. నువ్వు పూస్తే తెలిసిపోతోంది."