గోడవతలి గరగర

సిరిసిల్లలో కరెంటు పోయి మరమగ్గాలన్నీ ఆగాయి. దూరపువాళ్లతో మాట్లాడేందుకు రాజేశం సొంతంగా చేసుకున్న వైర్‌లెస్ సెట్టు మాత్రం బ్యాటరీ మీద పలుకుతూనే ఉంది. అతను గోడవతల మగ్గం దగ్గరున్న భార్యను కేకేశాడు.

"లచ్చవ్వా! సెట్టుల గరగర పోయిందే! మనిషి గొంతు ఇనొస్తుంది!"

"నెల సంది సెట్టు తీగల అతుకులు ఊడగొట్టి మళ్ల అతికితివి. తప్పు సెట్టుది కాదా?"

"గోడకు ఆనుకున్న మన మగ్గం మోటరుది. నువ్వు మగ్గం నడిపేటప్పుడే గద నాకు తీరిక."

"ఇగ ఊరంత కరెంటు రావాలని మొక్కుతది, నువ్వు పోవాలని మొక్కు!"

"జర ఆగే, నా పిలుపుకు జవాబిస్తుండు. నాగపూరట!"

అంతలో కరెంటు వచ్చింది. పక్కిళ్ల మగ్గాలు మొదలయ్యాయి. గోడవతల తమ మగ్గం మాత్రం ఉలకలేదు.

"ఏందే, నడుపవా?"

"పోగు తెగింది. అతుకుతున్న. నువ్వు మాట్లాడు."

రాజేశం తొంగి చూశాడు. ఒక్క పోగూ తెగలేదు. లచ్చవ్వ చేతులు కట్టుకొని నాగపూరాయన గొంతు వింటోంది.