ఇక్కడే తయారు

ఫ్యాక్టరీ వెనక, మోటార్లకి రాగి తీగ చుట్టే వైండింగ్ షెడ్డు. యజమాని, అతని మరదలు. కంపెనీలో కస్టమ్స్ వ్యవహారాలు చూసేది ఆమే.

“మిషన్ల మీద దుప్పట్లు మీరే తీయించారా బావగారూ?”

“దుమ్ము పట్టిపోతున్నాయని తీయించాను. ఏం?”

“ఇన్ని నెలలూ పట్టని దుమ్ము ఇవాళే పట్టిందా?”

“ముందు కూర్చో. ఏమన్నా తిన్నావా? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. మీ అక్క చూస్తే నా ప్రాణం తీస్తుంది.”

“అక్కని మధ్యలోకి తేకండి. గేటు దగ్గర వైండింగ్ వాళ్లు నిలబడి ఉన్నారు. మీరు తీసేసిన ఆడవాళ్లే. యూనిఫారాలు ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చారు. ఎవరు పిలిచారు వాళ్లని?”

“నేనే.”

“పని మళ్లీ మొదలవుతోందని చెప్పారా?”

“రమ్మన్నాను, అంతే. వాళ్లేం అనుకున్నారో నాకేం తెలుసు?”

“అంతేనా?”

“అంతే. సరే, నీ దగ్గర దాపరికం ఎందుకు. రేపు కస్టమ్స్ వాళ్లు తనిఖీకొస్తున్నారు. వీళ్లు మిషన్ల ముందు కూర్చుంటారు, నాలుగు మోటార్లు చుడతారు. వచ్చినవాళ్లు చూసుకుని పోతారు. వీళ్లకి కూలి ఇచ్చి పంపించేద్దాం.”

“నాటకం.”

“నాటకమేమిటి? వాళ్లకొచ్చిన పనే కదా చేసేది!”

“చుట్టడానికి తీగేదండీ? దిగుమతి కాగితాలు చూసేది నేనే కదా. రాగి తీగ రావడం ఎప్పుడో ఆగిపోయింది. సరిహద్దు అవతల్నుంచి మోటార్లే తయారై వస్తున్నాయి. మనం మూత బిగిస్తున్నాం, స్టిక్కర్ అంటిస్తున్నాం. ‘ఇక్కడే తయారు’ అని ఇంకో దేశానికి పంపేస్తున్నాం.”

“మూత బిగించడం పని కాదా?”

“బావగారూ!”

“సర్లే, సర్లే. అరవకు.”

“మోటారు ఇక్కడ చుడితేనే ఆ కొనే దేశంలో సుంకం మాఫీ. అవతలివాళ్ల సరుకైతే మొత్తం కట్టాలి. మనం ఆ సుంకం ఎగ్గొడుతున్నాం. ఈ ముక్క మీకు ఎన్నిసార్లు చెప్పాను?”

“చెప్పావు. అందుకే కదా ఎగుమతి కాగితాలు నీ నెత్తిమీంచి తీసేసి బయటి ఏజెంటుకి ఇచ్చాను. నీకు తలనొప్పి ఎందుకని.”

“నాకా తలనొప్పి, మీకా?”

“ఇద్దరికీ అనుకో. అటు పక్కవాడు అవతలి మోటార్లే తెచ్చి సగం ధరకి అమ్ముకుంటుంటే, నన్ను రాగి తీగ పట్టుకుని కూర్చోమంటావా? కూర్చుంటే ఈపాటికి షట్టర్ దించేసేవాణ్ణి. అప్పుడు వీళ్లకే కాదు, నీకూ ఉద్యోగం లేదు.”

“ఆ మాట వాళ్లకి చెప్పొచ్చుగా. ఆశపెట్టి పిలవడమెందుకు?”

“చెప్తే వస్తారా?”

“అయ్యగారూ, లోపలికి రావచ్చాండీ?”

“ఎవరూ, మేస్త్రమ్మా? రా, రా. నీకోసమే చూస్తున్నా.”

“నమస్కారమండీ. మేడమ్‌గారూ, బాగున్నారా? అబ్బ, నా మిషను! ఉన్నచోటే ఉందే! ఎవరైనా కాస్త నూనె వేశారాండీ దీనికి? ఏం లేదు లెండి, నేను వేసుకుంటా. కాసేపు బతిమాలితే అదే తిరుగుతుంది.”

“అందరూ వచ్చారా?”

“మూలమిషను ఆవిడ ఒక్కతే రాలేదండీ. ఇళ్లల్లో పనికి కుదిరింది కదా. ఇవాళ వాళ్లతో మానేస్తున్నానని చెప్పి, రేపు వచ్చేస్తానంది. నేనూ బట్టలకొట్లో పొద్దున్నే చెప్పేశాను. ఆ కొట్టాయన మొహం మాడ్చుకున్నాడనుకోండి.”

“మానేశావా?”

“మానక? నాకొచ్చిన పని ఇక్కడుండగా అక్కడ గుడ్డలు మడతలు పెడుతూ కూర్చుంటానా మేడమ్‌గారూ?”

“మేస్త్రమ్మా, అసలు సంగతేమిటంటే—”

“మేస్త్రమ్మా, నువ్వెళ్లి అందర్నీ క్యాంటీన్లో కూర్చోబెట్టు. టీ తాగండి. తర్వాత మాట్లాడదాం.”

“అలాగేనండీ అయ్యగారూ. మీరు చల్లగా ఉండాలి.”

“...చల్లగా ఉండాలట మీరు.”

“వెటకారాలొద్దు.”

“చేతిలో ఉన్న పని వదులుకుని వచ్చిందావిడ. రేపు సాయంత్రం ఏం చెప్తారు?”

“ఏదో ఒకటి. ఆర్డర్లు తగ్గాయంటాను. అది నేను చూసుకుంటా. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. రేపు ఆ ఆఫీసర్ల పక్కన నడు. ‘ఇదే మా వైండింగ్ సెక్షన్’ అను, చాలు. నీ మాటంటే వాళ్లకి గురి.”

“ఆ గురి ఎలా కుదిరిందో తెలుసా? వాళ్ల దగ్గర నేనెప్పుడూ అబద్ధమాడలేదు కనక.”

“ఒక్కసారే కదా ఆడమంటున్నాను!”

“ఆడను.”

“మీ అక్క మొహం చూసైనా—”

“ఆడను. ఆడలేను కూడా.”

“ఆడలేనంటే?”

“అంటే... ఆడలేను.”

“ఇటు చూడు. నా మొహంలోకి చూసి చెప్పు. ఏం చేశావు?”

“తనిఖీ ఊరికే వస్తోందనుకున్నారా?”

“నువ్వా?”

“నేనే. అవతలి మోటార్ల సంగతంతా చెప్పేశాను. ఇందాక గేటు దగ్గర వాళ్లని చూశాక మళ్లీ ఫోన్ చేశాను. రేపటిదాకా ఆగితే మీకు నాటకమే కనబడుతుంది, ఇవాళే బయల్దేరండి అన్నాను.”

“నా ఇంట్లో పెరిగావు నువ్వు! మీ అక్కని చేసుకునేనాటికి నీకు జడ వేసుకోవడం కూడా రాదు. నా ఇంట్లో, నా కంచంలో తిని—”

“అందుకే ముందు మీకు చెప్పాను. చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. మీరు నవ్వి ఊరుకున్నారు.”

“ఎవరి పేరిచ్చావు?”

“పేరెందుకు? ఎగుమతి కాగితాల మీద యజమాని సంతకం ఉంటుంది, ఎవరిదుంటే వాళ్లనే పట్టుకోండి అన్నాను. కింద పనివాళ్ల జోలికి మాత్రం పోవద్దన్నాను.”

“యజమాని సంతకం.”

“అవును.”

“ఎవరిదుంటే వాళ్లని అన్నావా?”

“అన్నాను. ఏం, తప్పా? బావగారూ?”

“నువ్వు ఈమధ్య ఆ కాగితాలు ఒక్కటైనా చూశావా?”

“మీరే కదా చూడనివ్వంది!”

“అవును. నేనే చూడనివ్వలేదు.”

“ఏముంది వాటిలో? మాట్లాడండి. ఏముంది?”

“నీ ఫోన్ మోగుతోంది.”

“మోగనీండి. అక్కే. తర్వాత చేస్తాను.”

“ఎత్తవే!”

“...అక్కా, ఒక్క నిమిషం ఆగి—”

“చెల్లీ, ఇంటికెవరో కస్టమ్స్ వాళ్లొచ్చారే. ఫ్యాక్టరీ యజమాని నేనే అంటున్నారు. కాగితాలన్నిటి మీదా నా సంతకాలే చూపిస్తున్నారు. మీ బావ బ్యాంకు పనంటే పెట్టానే అవి, నాకేం తెలుసు? తమతో రమ్మంటున్నారు, పిల్లలింకా ఇంటికి రాలేదు... ఈ సంగతులన్నీ నీకే కదా తెలుసు, వీళ్లకి నన్నేం చెప్పమంటావే?”