తప్పైంది, ఓవర్

శుక్రవారం సెలవు కాబట్టి వలస నేతన్నల పద్మనగర్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు లేదు. చేతిలో రేడియో సెట్టు, భుజాన ప్రయాణపు సంచితో ముసలి సాంచా కార్మికుడు మేడెక్కాడు. సొంతూరి వాళ్లతో రేడియోలో మాట్లాడించే లింకు నడిపే అమ్మాయి యాంటెన్నా దగ్గర ఉంది.

“సంచేంది కాకా?”

“ఊరికి, సిరిసిల్లకు పోతున్న బిడ్డా. నిన్న రేడియోల నా తమ్ముడు పలికిండు! అమ్మ సావుకు నేను పోలేదని పన్నెండేండ్ల సంది మాట్లాడనోడు.”

“నిన్ననా? ఏమన్నడు?”

“‘తప్పైంది, మాఫ్ చెయ్’ అన్న. వాడు సుత ‘తప్పైంది, మాఫ్ చెయ్’ అన్నడు. ‘ఏడ్వకురా’ అంటే ‘ఏడ్వకురా’ అన్నడు. ‘నేనే వస్త’ అంటే ‘నేనే వస్త’ అన్నడు. చిన్నోనికెందుకు తిప్పలు? నేనే పోత.”

“గొంతు వానిదేనా కాకా?”

“మా ఇద్దరి గొంతు ఒక్కతీరె. సాంచాల కాడ ముప్పై ఏండ్లు, నా చెవులు సుత అంతంతే.”

“కాకా, కూసో. మన మాట ఈడికెళ్లి పక్కపేట కనేరిల మిద్దె మీదున్న లింకు డబ్బాకు, ఆడికెళ్లి ఇంటర్నెట్ల సిరిసిల్లకు పోతది గద. నిన్న ఆ డబ్బా కాలిపోయింది. పరీక్ష చేసేతందుకు, ఈడి యంత్రంలనే ఎవరి మాట వాళ్లకే తిరిగి వినబడేటట్టు పెట్టిన. నీకు చెప్పుడు మరిచిన.”

“అంటే?”

“అది నీ గొంతే కాకా.”

“వాడు ఇనలేదా?”

“ఇనలేదు.”

అతను భుజం మీది సంచి దించి కింద పెట్టాడు.

“ఇప్పుడు లింకు కలిసింది కాకా. మళ్లొక్కసారి అడుగు.”

“ఒక్కసారి అడగనీకె పన్నెండేండ్లు పట్టింది బిడ్డా.”