నాసంబుకి బెంచీ మీద చోటు

శనివారం మధ్యాహ్నం, బుంగోమా దగ్గర ఒక పల్లె. బడి చివరి గదిలో, తాగుడు మానాలనుకున్నవాళ్ళు కూర్చుని ఉన్నారు. గుమ్మంలో ఇద్దరు: సంఘం పెద్ద ఖాయెంబా, మొక్కజొన్న పిండితో బూసా అనే నాటు బీరు పులియబెట్టి అమ్ముకునే నాసంబు.

“అది కాదు వదినా, నా మాట విను. ఇవాళ్టికి ఇంటికెళ్ళు.”

“ఎందుకెళ్ళాలి? తలుపు తెరిచే ఉంది. బెంచీ మీద చోటు ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది.”

“మెల్లగా మాట్లాడు. లోపలికి వినిపిస్తుంది.”

“విననీ. వాళ్ళకి నా గొంతేమన్నా కొత్తా? నా పెరట్లో కుండ చుట్టూ చేరి, గొట్టాలు వేసుకుని పీల్చినవాళ్ళే కదా అందరూ.”

“నేను చెప్పేదీ అదే. వాళ్ళు నీ కుండ దగ్గర్నుంచి పారిపోయి ఇక్కడికొచ్చారు. ఇప్పుడా కుండే నడిచొచ్చి పక్కన కూర్చుంటానంటే ఎలా?”

“నేను కుండని కాదు ఖాయెంబా, మనిషిని. నేనూ మానాలనే వచ్చాను. నిన్న పొద్దుట్నుంచి చుక్క ముట్టలేదు.”

“నువ్వు తాగుతావంటే వీళ్ళెవరూ నమ్మరు.”

“నమ్మరు. పులిసిందో లేదో రుచి చూస్తోందిలే అనుకుంటారు. పొద్దున్న లేస్తే రుచి చూడ్డమే, పడుకోబోయే ముందు రుచి చూడ్డమే. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ అదే బతుకు. మా చిన్నది పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంది. అమ్మా, లే, అమ్మా, లే అని ఏడ్చిందట. పక్కింటివాళ్ళకి వినపడింది. నాకు వినపడలేదు.”

“ఇప్పుడెలా ఉంది దానికి?”

“బొబ్బలెక్కాయి. తగ్గుతుందట. కట్టు కట్టిన నర్సే చెప్పింది, ఇలాంటి సంఘాలుంటాయని. ముందు టౌనుకెళ్ళాను. బోదా అని బాడుగ మోటారుసైకిలెక్కి, దుమ్ము కొట్టుకుపోయి వెళ్తే, అందరూ మగాళ్ళే. ఒకాయన, ఎవరి కోసం వచ్చావమ్మా, మొగుడికా, కొడుక్కా, అన్నాడు. నా కోసమే అన్నాను. ఇక చూడు, ఒక్కడూ తల ఎత్తలేదు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇంకోచోట అడిగితే, మీ ఊరి బళ్ళోనే ఉంది కదా అన్నారు.”

“వదినా, మాకొక నియమం ఉంది. బూసా కాచేవాళ్ళు ముందు కాయడం మానాలి. కుండలు పగలగొట్టు. అప్పుడు నేనే వచ్చి నిన్ను తీసుకొస్తాను.”

“ఎవరు పెట్టారు ఆ నియమం?”

“అందరం.”

“ఎప్పుడు?”

“ఈమధ్యే.”

“ఈమధ్యంటే? నేనొస్తానని తెలిశాకా?”

“అలాగని కాదు.”

“మరెలాగని? కుండ పగలగొట్టే ధైర్యం ఇక్కడ దొరుకుతుందేమోనని వచ్చాను. నువ్వేమో అది తెచ్చుకుంటేనే రానిస్తానంటున్నావు. జ్వరం తగ్గాక ఆస్పత్రికి రమ్మన్నట్టుంది.”

“మాటలు బాగానే వచ్చు నీకు. కుందు తాత కొడుకు నీ ఇంట్లో తాగి తాగి పోయాడు. ఆ తాత లోపలే ఉన్నాడు. ఆయన మొహం ఎలా చూస్తావు?”

“చూడాలి కాబట్టి చూస్తాను.”

“సిగ్గు లేదూ?”

“ఉంది. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే తాగుతాను. ఆ సిగ్గేదో ఇక్కడ కూర్చునే పడతాను. జరుగు.”

“జరగను.”

“నేనూ కదలను. పోలీసులు కుండలు తన్నేసి నన్ను లారీ ఎక్కించినప్పుడే భయపడలేదు. నువ్వొక లెక్కా?”

“ఖాయెంబా, ఎవరు నాయనా బయట?”

“ఎవరూ లేరు కుందు తాతా. వెళ్ళిపోతోంది.”

“వెళ్ళట్లేదు తాతా. నేను, నాసంబుని.”

“నాసంబువా.”

“అవును. మీ అబ్బాయికి పోసినదాన్నే. దానికి మీరేమన్నా పడతాను. కానీ నేనూ తాగుతాను తాతా. మానలేకపోతున్నాను. కూర్చోనిస్తారా?”

“నిన్ను తిట్టాలని ఎన్నిసార్లొచ్చానో మీ ఇంటికి. వచ్చి, నేనే తాగి వెళ్ళాను.”

“గుర్తుంది తాతా.”

“అయితే నీకూ నాకూ ఒకటే బెంచీ. రా. ఖాయెంబా, దారివ్వు.”

“తాతా, మన నియమం ఉంది కదా, కాచేవాళ్ళు…”

“ఏం నియమం? నాకెవరూ చెప్పలేదే.”

“చెబుదామనే…”

“ఆమె లోపలికొస్తే నీకేమిటయ్యా భయం?”

“ఆయన్నేమీ అడక్కండి తాతా. నేను నా సంగతి చెప్పుకోడానికొచ్చాను. ఇంకొకరి సంగతి నా నోట రాదు.”

“నీ నోట రాదని తెలుసు వదినా. అయినా నీ ఎదుట కూర్చుని, నేను మానేశానని చెప్పుకోలేక ఇంతసేపూ గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. వెళ్ళు, వెళ్ళి కూర్చో. తాతా, ఇవాళ ముందు నేను చెప్తాను. మొన్న మంగళవారం ఈమె పెరటి తలుపు కొట్టాను. బతిమాలాను, నోటికొచ్చినట్టు తిట్టాను. కుండ మీద మూత తియ్యనంది. ‘మీ సంఘానికి రావాలని చూస్తున్నాను, నువ్వే పడిపోతే నేనెక్కడికి పోను?’ అంది. నేను వేరే ఇంటికెళ్ళి తాగాను.”