గుండెకి గీత

గడియారాల దుకాణం. గాజు బల్లకి ఇటువైపు ఫైరింజన్ మీద పనిచేసే పెద్దాయన, పక్కన ఆయన కూతురు. అటువైపు రిపేరు చేసే మనిషి, పొద్దుటి నుంచి అందరి విసుగూ తన జీతంలో భాగమే అన్నట్టు కూర్చుని ఉన్నాడు.

"వాచీ పట్టీ వదులుగా ఉందా, చెమట పట్టిందా అని మాత్రం అడక్కు. పోయినసారి అవే అడిగావు."

"వదులుగా ఉంటే లోపలి లైటు నాడిని సరిగ్గా పట్టుకోదు సార్. ఒక్కోసారి గుండెని వదిలేసి అడుగుల ఊపుని లెక్కపెట్టేస్తుంది."

"అందుకేగా నీ మాట విని ఛాతీకి కట్టే బెల్టు కొన్నాను. అది కట్టుకుని పరిగెత్తినా అంతే."

"అంతే అంటే, ఎంత సార్?"

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావయ్యా. ఎండాకాలంలో నూట అరవై ఎనిమిది. వానలు పడ్డ దగ్గర్నుంచి నూట యాభై రెండు. అదేదో గీతట. గుండె అది దాటి కొట్టుకుంటే మనిషి ఎక్కువసేపు నిలబడలేడట. ఎవడికెక్కడ గియ్యాలో దానంతట అదే కనిపెడుతుందట. ఎవడు కనిపెట్టమన్నాడు దీన్ని?"

"నాన్నా, మెల్లగా."

"మెల్లగానే చెప్తున్నా. మెట్లెక్కుతుంటే చాలు, మణికట్టు మీద గుర్రుగుర్రుమంటుంది. ఆగు, ఆగు అని. ఎల్లుండి టెస్టు. భుజాన గొట్టం చుట్ట వేసుకుని ఎనిమిది అంతస్తులు ఎక్కాలి. ఆగితే టైము దాటిపోతుంది. టైము దాటితే ఇక నన్ను బండి ఎక్కనివ్వరు. ఫోన్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఇన్నేళ్ళూ నిప్పులోకి దూకినవాణ్ణి, ఎవరింట్లో ఏం అంటుకుందో ఫోన్లో వింటూ కూర్చోవాలా?"

"సార్, బెల్టుతో ఎంత వచ్చిందన్నారు?"

"నూట యాభై రెండు."

"బెల్టు లేకుండా?"

"చెవులు పనిచేయట్లేదా నీకు? నూట యాభై రెండు. పొద్దున పరిగెత్తినా అంతే, సాయంత్రం పరిగెత్తినా అంతే. ఒక్క అంకె అటూ ఇటూ కదల్లేదు."

"అస్సలు కదల్లేదా?"

"ఏం, అదీ నా తప్పేనా?"

"కాదు సార్. ఇదంతా అంచనా. కాస్తో కూస్తో ఊగుతూ ఉండాలి. వాచీ ఇలా ఇవ్వండి."

"నాన్నా, వదిలెయ్. ఇంటికి పోదాం. వేరేది కొనుక్కుందాం."

"ఎందుకు కొనాలి? దీనికేం రోగమో తేలనీ."

"దానికి ఛార్జింగ్ కూడా లేదు."

"సగం పైనే ఉంది మేడం."

"అయినా రేపు వద్దాం నాన్నా. నీకు భోజనం టైమైంది."

"ఏంటే నీ తొందర? నువ్వు చూడవయ్యా."

"సార్, ఇది ఆటోలో లేదు."

"అంటే?"

"దానంతట అది మార్చుకోకుండా ఆపేసి ఉంది. ఈ నూట యాభై రెండు ఎవరో చేత్తో పెట్టారు. ఫోన్లోంచి. పరుగు అయినప్పుడల్లా, 'కొత్త అంకె ఇదీ, పెట్టమంటారా' అని అది అడుగుతూనే ఉంది. ఎవరో వద్దు, వద్దు అని నొక్కుతూ వచ్చారు."

"నేను నొక్కలేదు. నాకా ఫోన్ గోలే తెలీదు. అదంతా మా అమ్మాయే."

"నాన్నా."

"నువ్వేనా?"

"ఇంటికెళ్ళాక చెప్తాను."

"ఇక్కడే చెప్పు. నువ్వేనా?"

"నేనే."

"మీ అమ్మ చెప్పిందా?"

"అమ్మకి తెలీదు."

"ఎందుకు తెలీదు? మీ ఇద్దరికీ నేను బండెక్కడం మొదట్నుంచీ కంట్లో నలుసే. నోటితో చెప్తే వినట్లేదని ఇలా మొదలుపెట్టారన్నమాట. ఈ అంకె చూసి చూసి నాకు అన్నం సయించట్లేదు. అద్దంలో ఎవడో ముసలాడు కనిపిస్తున్నాడు. ఇదంతా నీ వేళ్ళు చేసిన పనా?"

"నీ మొహం చూళ్ళేక చేశాను."

"నా మొహానికేమైంది?"

"ఏమీ కాలేదు."

"ఏమీ కాకపోతే ఎందుకు చూళ్ళేకపోయావు?"

"సార్, ఆవిడని ఒక్క నిమిషం..."

"నువ్వుండవయ్యా."

"మొన్న ఐదో అంతస్తు దగ్గర కూలబడ్డావట నాన్నా. మీ డ్రైవర్ చెప్పాడు."

"కూలబడలేదు. వాడికన్నీ ఎక్కువే. బూటు లేసు ఊడితే కట్టుకున్నాను."

"నీ డ్యూటీ బూట్లకి లేసులు లేవు నాన్నా."

"లేసో, జిప్పో. ఏదో ఒకటి ఊడింది."

"కళ్ళు తిరిగాయా?"

"కొంచెం. ఎండకి."

"మెట్ల దగ్గర ఎండేంటి నాన్నా?"

"కొంచెం అన్నానుగా."

"అప్పుడు వాచీ గుర్రుమనలేదా?"

"అనలేదు. ఆ రోజు బుద్ధిగా దాని మాటే విన్నాను. గీత లోపలే ఎక్కాను."

"ఒక్కసారి కూడా అనలేదా?"

"లేదన్నానా. ఏంటలా చూస్తావు? అంటే నువ్వు పెట్టిన గీతకీ నా ఒంటికీ సంబంధమే లేదనేగా. అబ్బాయ్, ఆ ఆటో ఏదో పెట్టు. నా అసలు అంకె నాకు రానీ. ఎల్లుండి దాని మీదే ఎక్కుతాను, ఎవడు ఆపుతాడో చూస్తాను."

"సార్..."

"ఏం, కనిపించట్లేదా?"

"కనిపిస్తోంది సార్. మేడం, మీరు చెప్తారా? నన్ను చెప్పమంటారా?"

"అదేం చెప్తుంది? కన్నతండ్రి అంకెని కిందికి లాగిన మనిషి."

"లాగలేదు నాన్నా. అది ఇంకా కిందికి పోతుంటే పెంచి పెట్టాను."